కోరింత దగ్గు రక్త పరీక్ష: తేదీలు తెలియకుండా అంకెను చదవలేం

క్లుప్తంగా

కోరింత దగ్గుకు చేసే యాంటీబాడీ రక్త పరీక్ష బ్యాక్టీరియాను పట్టుకోదు. అది సోకిన తర్వాత శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) మాత్రమే కొలుస్తుంది. దగ్గు మొదలై రెండు మూడు వారాలు దాటిన పెద్ద పిల్లల్లో, పెద్దల్లో ఈ పరీక్షకు విలువ ఉంది. తొలి రోజుల్లో, పసిపిల్లల్లో, గత ఏడాదిలో టీకా వేయించుకున్నవారిలో ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. దగ్గు మొదలైన తేదీ, చివరి టీకా తేదీ తెలియకపోతే రిపోర్టులోని అంకెకు అర్థం చెప్పడం కుదరదు.

మళ్లీ చర్చలోకి వచ్చిన పాత జబ్బు

కోవిడ్ ఆంక్షల కాలంలో బాగా తగ్గిపోయిన కోరింత దగ్గు, ఆంక్షలు తొలగిన తర్వాత అనేక దేశాల్లో మళ్లీ పెరిగింది. ఐరోపా వ్యాధి నివారణ, నియంత్రణ కేంద్రం ప్రకటించిన లెక్కల ప్రకారం 2023లోనూ, 2024 ఏప్రిల్ వరకూ కలిపి అక్కడి దేశాల్లో దాదాపు 60 వేల కేసులు నమోదయ్యాయి. 2021, 2022 సంవత్సరాలతో పోలిస్తే ఇది పది రెట్లకు పైగా పెరుగుదల. ఈ జబ్బు టీకాలు ఉన్నచోట కూడా మూడు నుంచి ఐదేళ్లకోసారి ఉధృతమవుతూ ఉంటుంది. టీకా వల్ల గానీ, జబ్బు వచ్చి తగ్గడం వల్ల గానీ కలిగే రక్షణ జీవితాంతం నిలవదు. దానికి తోడు, రెండు మూడేళ్లపాటు బ్యాక్టీరియా పెద్దగా వ్యాపించకపోవడంతో సహజంగా రక్షణ పెరిగే అవకాశం చాలామందికి లేకుండా పోయింది.

పిల్లల్లో ఈ జబ్బును గుర్తించడం కొంత సులభం. ఊపిరి ఆడనంతగా తెరలు తెరలుగా వచ్చే దగ్గు, తెర చివర గాలి లోపలికి పీల్చుకునేటప్పుడు వచ్చే కూతలాంటి శబ్దం, దగ్గిన వెంటనే వాంతి దీని ప్రధాన లక్షణాలు. మరీ చిన్న పిల్లల్లో దగ్గు కనిపించకుండా కొద్దిసేపు శ్వాస ఆగిపోవడమే లక్షణం కావచ్చు. పెద్దల్లో, ముఖ్యంగా ఎప్పుడో టీకా వేయించుకున్నవారిలో, కూత శబ్దం చాలాసార్లు ఉండదు. వారాల తరబడి తగ్గని మొండి దగ్గు ఒక్కటే ఉంటుంది. దాన్ని అలర్జీగానో, ఆస్తమాగానో, జలుబు తర్వాత మిగిలిపోయిన దగ్గుగానో భావించి మందులు వాడి, నాలుగైదు వారాలకు కోరింత దగ్గేమోనన్న అనుమానం వచ్చేసరికి, గొంతులో బ్యాక్టీరియా కోసం వెతికే సమయం దాటిపోతుంది. రక్త పరీక్ష అవసరం ఎక్కువగా ఏర్పడేది ఇలాంటి సందర్భంలోనే. దాని చుట్టూ గందరగోళం కూడా అక్కడే మొదలవుతుంది.

బ్యాక్టీరియా శ్వాసనాళాల్లో, పరీక్ష రక్తంలో

కోరింత దగ్గుకు కారణం బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియా. జూల్స్ బోర్డే, ఆక్టేవ్ జెంగూ 1906లో దీన్ని వేరుచేసి పెంచగలిగారు. రక్తంలోని ప్రతిరక్షకాలను గుర్తించే తొలితరం పద్ధతుల్లో ఒకటైన కాంప్లిమెంట్ ఫిక్సేషన్‌ను 1901లో రూపొందించినదీ ఈ ఇద్దరే. అంటే ఈ జబ్బు చరిత్ర, ప్రతిరక్షకాల పరీక్షల చరిత్ర మొదటినుంచీ పక్కపక్కనే నడిచాయి.

ఈ బ్యాక్టీరియా సాధారణంగా రక్తంలోకి ప్రవేశించదు. ముక్కు వెనుక భాగం నుంచి ఊపిరితిత్తుల వరకు శ్వాసమార్గం లోపలి పొర మీద ఉండే సన్నటి నూగుకు అతుక్కుని, అక్కడే పెరుగుతూ విషపదార్థాలను విడుదల చేస్తుంది. వాటిలో ముఖ్యమైనది పెర్టుసిస్ టాక్సిన్. ఇది శరీర కణాల లోపల జరిగే రసాయన సంకేతాలను దెబ్బతీస్తుంది. పసిపిల్లల రక్తంలో తెల్ల కణాలు, ముఖ్యంగా లింఫోసైట్లు, విపరీతంగా పెరిగిపోవడానికి కారణం కూడా ఇదే. కాబట్టి రక్తంలో బ్యాక్టీరియా కోసం వెతికి ప్రయోజనం లేదు. రక్తంలో దొరికేది ఈ టాక్సిన్‌ను ఎదుర్కొనడానికి శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలే. పరీక్ష బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. బ్యాక్టీరియా వెళ్లిపోయిన తర్వాత కూడా ప్రతిరక్షకాలు ఉంటాయి కనుక ఆలస్యంగా వచ్చిన రోగిలోనూ ఆధారం దొరుకుతుంది. అయితే అదే టాక్సిన్‌ను నిర్వీర్యం చేసి టీకాలో ఇచ్చినా అవే ప్రతిరక్షకాలు పుడతాయి.

మూడు పరీక్షలు, మూడు వ్యవధులు

కోరింత దగ్గు నిర్ధారణకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి: కల్చర్, పీసీఆర్, ప్రతిరక్షకాల పరీక్ష. వీటిలో ఏది మేలన్న ప్రశ్న కంటే, దగ్గు మొదలై ఎన్నాళ్లయింది అన్న ప్రశ్నే ముఖ్యం.

కల్చర్‌లో ముక్కు వెనుక భాగం నుంచి స్వాబ్‌తో తీసిన నమూనాను ప్రత్యేక మాధ్యమంలో ఉంచి బ్యాక్టీరియాను పెంచుతారు. బ్యాక్టీరియా పెరిగితే ఇక సందేహానికి తావుండదు. కానీ ఈ బ్యాక్టీరియా చాలా సున్నితమైనది. మామూలు దూది స్వాబ్‌లోని కొవ్వు ఆమ్లాలు కూడా దాని పెరుగుదలను అడ్డుకుంటాయి. దగ్గు మొదలైన మొదటి రెండు వారాల తర్వాత, లేదా యాంటీబయాటిక్ మొదలుపెట్టిన తర్వాత, కల్చర్‌లో దొరికే అవకాశం వేగంగా తగ్గిపోతుంది. ఫలితానికి వారం నుంచి పది రోజులు పట్టవచ్చు.

పీసీఆర్ బ్యాక్టీరియా జన్యు పదార్థాన్ని వెతుకుతుంది. చనిపోయిన బ్యాక్టీరియా అవశేషాలను కూడా పట్టుకోగలదు కాబట్టి మూడు, కొన్నిసార్లు నాలుగు వారాల వరకు ఉపయోగపడుతుంది. ఫలితం త్వరగా వస్తుంది. ఎక్కువ ల్యాబ్‌లు లక్ష్యంగా పెట్టుకునే ఐఎస్ 481 అనే జన్యుభాగం ఒక్కో బ్యాక్టీరియాలో అనేక ప్రతులుగా ఉంటుంది. దానివల్ల బ్యాక్టీరియా చాలా కొద్దిగా ఉన్నా పరీక్ష పట్టుకోగలదు. అదే కారణంగా ఏ మాత్రం కల్తీ జరిగినా తప్పుడు పాజిటివ్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఇదే జన్యుభాగం బోర్డెటెల్లా హోల్మెసియై అనే మరో బ్యాక్టీరియాలోనూ ఉంటుంది.

ఆ రెండు పరీక్షల గడువు ముగుస్తున్న సమయంలో రక్త పరీక్ష వంతు వస్తుంది. దగ్గు మొదలైన రెండో వారం నుంచి ఎనిమిదో వారం వరకు ఇది బాగా పనిచేస్తుందని, పన్నెండో వారం వరకు కూడా ఉపయోగపడవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచిస్తుంది. అంతకంటే ముందు చేస్తే ప్రతిరక్షకాలు ఇంకా పెరిగి ఉండవు, ఫలితం నెగటివ్‌గా రావచ్చు. మూడో రోజు దగ్గుతో వచ్చిన వ్యక్తికి చేసిన పరీక్ష నెగటివ్ అయితే, అది కోరింత దగ్గు కాదనడానికి రుజువు కాదు. తప్పు సమయంలో చేసిన పరీక్ష అది. రెండో వారం చివరి నుంచి నాలుగో వారం వరకు ఉన్న మధ్యకాలంలో పీసీఆర్, రక్త పరీక్ష రెండూ కలిపి చేయడం అర్థవంతంగా ఉంటుంది.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది

నేడు ఎక్కువగా వాడే పద్ధతి ఎలీసా. అరచేతి కంటే కాస్త పెద్దదైన ప్లాస్టిక్ పలకలో 96 చిన్న గుంటలు ఉంటాయి. ఒక్కో గుంట అడుగున శుద్ధి చేసిన పెర్టుసిస్ టాక్సిన్‌ను ముందే అంటించి ఉంచుతారు. రోగి రక్తం నుంచి వేరుచేసిన సీరంను పలుచన చేసి గుంటలో పోస్తారు. అందులో టాక్సిన్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకాలు ఉంటే అవి అడుగున అతుక్కుంటాయి, మిగతావి కడిగితే పోతాయి. తర్వాత మనిషి ప్రతిరక్షకాలకు అంటుకునే మరో ప్రతిరక్షకాన్ని, దానికి జోడించిన ఎంజైమ్‌తో సహా, పోస్తారు. మళ్లీ కడిగి, ఎంజైమ్ వల్ల రంగు మారే ద్రవాన్ని కలుపుతారు. రంగు ఎంత చిక్కగా వస్తే ప్రతిరక్షకాలు అంత ఎక్కువ. ఆ చిక్కదనాన్ని యంత్రం కొలిచి, ముందే విలువ తెలిసిన ప్రామాణిక సీరంతో పోల్చి అంకెగా మారుస్తుంది.

ఆ ప్రామాణిక సీరం విషయంలో ఒకప్పుడు పెద్ద లోపం ఉండేది. ఒక్కో ల్యాబ్ తన సొంత యూనిట్లలో ఫలితం ఇచ్చేది, ఒకదాన్ని మరొకదానితో పోల్చడానికి వీలుండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మానవ సీరంతో తొలి అంతర్జాతీయ ప్రమాణాన్ని నెలకొల్పిన తర్వాత ఫలితాలను మిల్లీలీటరుకు ఇన్ని అంతర్జాతీయ యూనిట్లు అని చెప్పే వీలు కలిగింది. ఇప్పటికీ కొన్ని కిట్లు "పాజిటివ్", "నెగటివ్" అని మాత్రమే, లేదా తమ సొంత సూచికలో మాత్రమే ఫలితం ఇస్తాయి. అంతర్జాతీయ యూనిట్లలో అంకె లేని రిపోర్టును మరో ల్యాబ్ రిపోర్టుతో పోల్చడం సరికాదు.

టాక్సిన్‌నే ఎందుకు ఎంచుకున్నారు

కోరింత దగ్గు బ్యాక్టీరియాలో ప్రతిరక్షకాలను పుట్టించే పదార్థాలు చాలా ఉన్నాయి. ఫిలమెంటస్ హీమగ్లుటినిన్, పెర్టాక్టిన్, ఫింబ్రియే వాటిలో కొన్ని. కానీ ఇవి ఈ ఒక్క బ్యాక్టీరియాకే పరిమితం కావు. ఉదాహరణకు ఫిలమెంటస్ హీమగ్లుటినిన్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకాలు ఇతర బోర్డెటెల్లా జాతులు సోకినప్పుడే కాక, సంబంధం లేని కొన్ని శ్వాసకోశ సూక్ష్మజీవుల వల్ల కూడా పెరగవచ్చు. పెర్టుసిస్ టాక్సిన్‌ను మాత్రం బోర్డెటెల్లా పెర్టుసిస్ ఒక్కటే తయారుచేస్తుంది. దగ్గరి బంధువైన బోర్డెటెల్లా పారాపెర్టుసిస్‌లో దాని జన్యువు ఉన్నా అది పనిచేయదు. అందుకే నిపుణుల మార్గదర్శకాలు శుద్ధి చేసిన టాక్సిన్‌తో చేసే ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే ప్రతిరక్షక రకం) పరీక్షనే సిఫార్సు చేస్తున్నాయి. మొత్తం బ్యాక్టీరియా కణాలను లేదా అనేక పదార్థాల మిశ్రమాన్ని వాడే కిట్లను ప్రోత్సహించడం లేదు. ఈ ఎంపిక వల్ల ఒక నష్టం కూడా ఉంది: పారాపెర్టుసిస్ వల్ల వచ్చే, కొంత తేలికైన కోరింత దగ్గును ఈ పరీక్ష గుర్తించలేదు. నిజంగా జబ్బు సోకినవారిలోనూ కొందరికి టాక్సిన్ మీద ప్రతిరక్షకాలు పెద్దగా పెరగవు.

రిపోర్టుల్లో ఐజీఏ, ఐజీఎం అనే మరో రెండు ప్రతిరక్షక రకాల వరుసలు కూడా కనిపిస్తుంటాయి. చాలా జబ్బుల్లో ఐజీఎం ఇటీవలే జబ్బు సోకిందనడానికి గుర్తు కనుక ఇక్కడా అంతేనని చాలామంది అనుకుంటారు. కోరింత దగ్గు విషయంలో ఐజీఎం నమ్మదగినది కాదు, దాని ఆధారంగా నిర్ణయం తీసుకోకూడదు. ఐజీఏ స్థానం వేరు. ఇంజెక్షన్‌గా ఇచ్చే టీకా కంటే అసలు జబ్బు దాన్ని ఎక్కువగా పుట్టిస్తుంది కాబట్టి, ఐజీజీ ఎటూ తేలని స్థాయిలో ఉన్నప్పుడు అదనపు ఆధారంగా పనికొస్తుంది. అయితే చిన్న వయసువారిలో అది బాగా పెరగదు, ఒంటరిగా దాని మీద ఆధారపడటానికి వీల్లేదు.

గీత ఎక్కడ గీయాలి

ప్రతిరక్షకాల స్థాయి అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. పాత టీకాల వల్లనో, ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన జబ్బు వల్లనో మిగిలినది అది. ఇటీవల సోకినవారిని వేరుచేయాలంటే ఒక హద్దు పెట్టుకోవాలి. రెండు నమూనాలను కొన్ని వారాల తేడాతో తీసి, స్థాయి ఎంత మారిందో చూడటం సిద్ధాంతపరంగా మెరుగైన పద్ధతి. ఆచరణలో రోగి వచ్చేసరికే స్థాయి శిఖరానికి చేరి ఉంటుంది, రెండో నమూనాలో పెరుగుదల కనిపించదు. పైగా రెండోసారి రక్తం ఇవ్వడానికి వచ్చేవారు తక్కువ. అందువల్ల ఒకే నమూనాతో తేల్చే పద్ధతి స్థిరపడింది.

హద్దు విషయంలో మాత్రం ప్రపంచమంతటా ఏకాభిప్రాయం లేదు. ఐరోపా నిపుణుల బృందం 2011లో ప్రచురించిన సిఫార్సుల్లో ఐజీజీ మిల్లీలీటరుకు 40 అంతర్జాతీయ యూనిట్ల కంటే తక్కువ అయితే ఇటీవల సోకిన ఆధారం లేదని, 100 దాటితే సోకినట్టేనని, మధ్యలో ఉంటే రెండో నమూనాతో గానీ, ఐజీఏతో గానీ తేల్చుకోవాలని చెప్పింది. నెదర్లాండ్స్ అధ్యయనాలు 125ను ప్రతిపాదించాయి. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ గత ఏడాదిలో టీకా తీసుకోనివారిలో 70 దాటితే నిర్ధారణగా పరిగణిస్తుంది. అమెరికాలో కేసుల లెక్కింపుకు వాడే జాతీయ నిర్వచనమైతే కల్చర్, పీసీఆర్‌లను మాత్రమే ల్యాబ్ నిర్ధారణగా ఒప్పుకుంటుంది, రక్త పరీక్షను లెక్కలోకి తీసుకోదు.

దీని పర్యవసానం ఎలా ఉంటుందో ఒకే అంకెతో చూడవచ్చు. రిపోర్టులో 85 యూనిట్లు వచ్చాయనుకుందాం. ఐదు వారాలుగా దగ్గుతున్న, ఎనిమిదేళ్లుగా ఏ బూస్టరూ తీసుకోని పదిహేనేళ్ల విద్యార్థికి ఇది ఇంగ్లాండ్ పద్ధతిలో పాజిటివ్, ఐరోపా సిఫార్సుల ప్రకారం ఇంకా తేలనిది. అదే 85, నాలుగు నెలల క్రితం గర్భంతో ఉన్నప్పుడు కోరింత దగ్గు టీకా తీసుకున్న తల్లిలో వస్తే, అది జబ్బుకు ఆధారమని చెప్పడానికి లేదు. అదే 85, ఆరు నెలలుగా దగ్గుతున్న వ్యక్తిలో వస్తే, అప్పటికే స్థాయి శిఖరం నుంచి దిగివచ్చి ఉండవచ్చు. అంకె ఒక్కటే, అర్థాలు మూడు. రక్తం పంపే కాగితం మీద దగ్గు మొదలైన తేదీ, చివరి టీకా తేదీ రాయకపోతే ల్యాబ్ నిపుణుడు ఈ మూడింటిలో ఏదో ఊహించలేడు. ఆ రెండు గడులను ఖాళీగా వదిలేయడం చిన్న నిర్లక్ష్యంలా కనిపిస్తుంది గానీ, పరీక్ష విలువలో సగం అక్కడే పోతుంది.

జబ్బు ఎంత వ్యాప్తిలో ఉందన్నది కూడా అర్థాన్ని మారుస్తుంది. లెక్క కోసం, ఒక పరీక్ష జబ్బున్న వందమందిలో 80 మందిని పట్టుకుంటుందని, జబ్బు లేని వందమందిలో 95 మందికి సరిగ్గా నెగటివ్ చూపుతుందని అనుకుందాం. జబ్బు ఉధృతంగా ఉన్న సమయంలో మొండి దగ్గుతో వచ్చిన వెయ్యిమందిలో 200 మందికి కోరింత దగ్గు ఉంటే, 160 నిజమైన పాజిటివ్‌లు, 40 తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. అంటే పాజిటివ్ వచ్చిన ఐదుగురిలో నలుగురికి నిజంగా జబ్బు ఉన్నట్టు. వెయ్యిలో 20 మందికే జబ్బు ఉన్న కాలంలో అదే పరీక్ష 16 నిజమైన, 49 తప్పుడు పాజిటివ్‌లు ఇస్తుంది. అప్పుడు పాజిటివ్ వచ్చిన నలుగురిలో ఒకరికే జబ్బు. పరీక్ష మారలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. లక్షణాలు సరిపోని వారికి కూడా ముందుజాగ్రత్త పేరిట ఈ పరీక్ష చేయించడం మంచిది కాదనడానికి కారణం ఇదే.

టీకా, వయసు తెచ్చే చిక్కులు

కణరహిత టీకాలన్నిటిలో (బ్యాక్టీరియా నుంచి శుద్ధి చేసిన కొన్ని భాగాలతోనే చేసేవి) నిర్వీర్యం చేసిన పెర్టుసిస్ టాక్సిన్ ఉంటుంది. చంపిన బ్యాక్టీరియాను మొత్తంగా వాడే పాత తరహా పూర్తి కణ టీకాల్లోనూ అది కొంత ఉంటుంది. అందువల్ల టీకా తీసుకున్న కొన్ని నెలల వరకు ఐజీజీ స్థాయి సోకినవారి స్థాయిని తలపించవచ్చు. ఈ పరీక్ష టీకాను, జబ్బును వేరుచేయలేదు. దీన్ని దాటడానికి కణరహిత టీకాల్లో లేని అడినిలేట్ సైక్లేజ్ టాక్సిన్ వంటి పదార్థాల మీద ప్రతిరక్షకాలను కొలిచే ప్రయత్నాలు పరిశోధన స్థాయిలో జరుగుతున్నాయి.

పసిపిల్లల విషయంలో ఈ పరీక్ష దాదాపు నిరుపయోగం. వారి శరీరం ప్రతిరక్షకాలను ఇంకా సమర్థంగా తయారుచేయదు. తల్లి నుంచి మావి ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు మొదటి నెలల్లో రక్తంలోనే ఉంటాయి. ఆపై వరుసగా వేసే టీకాల ప్రభావం వచ్చి చేరుతుంది. ఇంత కలగాపులగమైన నేపథ్యంలో అంకె దేన్ని సూచిస్తుందో చెప్పలేం. పైగా ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది వారికే కనుక, వారాల తర్వాత తెలిసే సమాధానం వారికి అక్కరకు రాదు. పసిపిల్లలకు వెంటనే ముక్కు నుంచి నమూనా తీసి పీసీఆర్, వీలైతే కల్చర్ చేయాలి. ఫలితం వచ్చేవరకు వేచి ఉండకుండా చికిత్స మొదలుపెట్టాలి.

రక్తం తీయడం కష్టమైన కాస్త పెద్ద పిల్లల కోసం ఇంగ్లాండ్‌లో మరో మార్గం అమల్లో ఉంది. పళ్లు, చిగుళ్ల మీద చిన్న స్పాంజితో రుద్ది నోటి ద్రవాన్ని సేకరించి, అందులోని ఐజీజీని కొలుస్తారు. రక్త పరీక్ష కంటే ఇది కొంత తక్కువ కేసులను పట్టుకుంటుంది, కానీ నమూనాను ఇంటి దగ్గరే తీసి తపాలాలో పంపవచ్చు.

పాజిటివ్ వచ్చిన తర్వాత

రక్త పరీక్ష పాజిటివ్ రాగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అజిత్రోమైసిన్ వంటి మందులు దగ్గు మొదలైన ఒకటి రెండు వారాల్లో ఇస్తే జబ్బు తీవ్రత తగ్గవచ్చు. ఆ తర్వాత ఇస్తే ఇతరులకు వ్యాప్తి ఆగుతుంది గానీ దగ్గు మీద పెద్ద ప్రభావం ఉండదు. మందు వాడనివారు కూడా దగ్గు మొదలైన మూడు వారాల తర్వాత సాధారణంగా ఇతరులకు అంటించరు. అందుకే ఏడాది దాటినవారికి మూడు వారాలలోపు, పసిపిల్లలకు, గర్భిణులకు ఆరు వారాలలోపు మందు ఇవ్వాలన్నది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచన. రక్త పరీక్ష నమ్మకంగా పాజిటివ్ అయ్యే సమయానికి ఈ గడువు చాలామందిలో ముగిసిపోయి ఉంటుంది.

అలాగని ఫలితం వృథా కాదు. నెలల తరబడి సాగే దగ్గుకు కారణం తెలిస్తే అనవసరమైన స్కాన్లు, ఇన్‌హేలర్లు, వరుస యాంటీబయాటిక్ కోర్సులు తప్పుతాయి. ఇంట్లో పసిబిడ్డ గానీ, నెలలు నిండుతున్న గర్భిణి గానీ ఉంటే వారిని గమనించి, దగ్గు కనిపించిన మొదటి రోజుల్లోనే పీసీఆర్ చేయించే అవకాశం దొరుకుతుంది. కుటుంబంలో అనేకమందికి దగ్గు ఉన్నప్పుడు ఎవరెవరికి కోరింత దగ్గు సోకి ఉండవచ్చో తెలుసుకోవడానికి ఈ పరీక్ష తోడ్పడుతుంది.

ఈ పరీక్షను రక్షణకు కొలమానంగా వాడటం మాత్రం పొరపాటు. ఇంత స్థాయి ఉంటే జబ్బు రాదని చెప్పగల అంకె కోరింత దగ్గుకు ఇప్పటివరకు స్థిరపడలేదు. రక్షణలో ప్రతిరక్షకాలతో పాటు టీ కణాల (రోగనిరోధక శక్తిలో భాగమైన ఒక రకం తెల్ల కణాలు) పాత్ర కూడా ఉంది, అది ఎలీసాలో కనిపించదు. తక్కువ అంకె వచ్చిందని భయపడటం, ఎక్కువ అంకె వచ్చిందని బూస్టర్ మానుకోవడం రెండింటికీ ఆధారం లేదు.

కేసుల లెక్కల మీద ప్రభావం

వ్యక్తికి కంటే సమాజానికి ఈ పరీక్ష ఎక్కువ చెబుతుంది. కల్చర్, పీసీఆర్ మీదే ఆధారపడిన లెక్కల్లో పసిపిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. ఎందుకంటే వారిని త్వరగా ఆసుపత్రికి తీసుకొస్తారు. రక్త పరీక్ష అందుబాటులోకి వచ్చిన చోట కౌమారులు, పెద్దలు లెక్కల్లో చేరతారు. దాంతో కేసుల సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పెరుగుదలలో ఎంత నిజమైన వ్యాప్తి, ఎంత మెరుగైన గుర్తింపు అన్నది పరీక్షా విధానం మారిన తేదీని పక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. రక్త పరీక్షను ఒప్పుకునే దేశం, ఒప్పుకోని దేశం ప్రకటించే సంఖ్యలను నేరుగా పక్కపక్కన పెట్టడం కూడా ఇందుకే తగదు.

రక్త పరీక్ష సులభమన్న కారణంతో ముక్కు నమూనాలు తీయడం తగ్గిపోతే మరో నష్టం ఉంది. చైనాలో అజిత్రోమైసిన్ తరగతి మందులకు లొంగని బోర్డెటెల్లా పెర్టుసిస్ రకాలు విస్తృతంగా వ్యాపించాయి, ఇతర దేశాల్లోనూ అలాంటివి బయటపడ్డాయి. కొన్ని దేశాల్లో టీకా లక్ష్యాల్లో ఒకటైన పెర్టాక్టిన్‌ను తయారుచేయని రకాలు ఎక్కువయ్యాయి. బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో, దాని నిర్మాణంలో ఏ మార్పు వచ్చిందో రోగి సీరం చెప్పలేదు. అందుకు బ్యాక్టీరియానే చేతికి రావాలి. దగ్గు మొదలైన తొలి రెండు వారాల్లో కొందరు రోగుల నుంచైనా కల్చర్‌కు నమూనాలు పంపే ఏర్పాటును రక్త పరీక్షతో పాటు కొనసాగించాల్సిన అవసరం అందుకే ఉంది.